వెంట్రుకవాసి సందు

ఇంట్లో గ్యాసు వాసన గుప్పుమంటే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట "స్విచ్చి ముట్టుకోకండర్రా!" లైటు వేయకూడదు సరే, తిరుగుతున్న ఫ్యానును ఆపకూడదు కూడా. చీకట్లో తడుముకుంటూ వెళ్లి రెగ్యులేటర్ కట్టేయాలి, తలుపులూ కిటికీలూ బార్లా తెరవాలి. స్విచ్చి లోపల రెండు లోహపు ముక్కలు కలిసినా విడిపోయినా చిన్న రవ్వ పుడుతుంది. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. గ్యాసు కమ్మిన గదిలో అదే యముడు.

ఇప్పుడు ఆ వంటగదిని విశాఖపట్నం రిఫైనరీ అంత చేసి చూడండి. 1957 నుంచి నడుస్తున్న అలాంటి చోట మైళ్ల కొద్దీ గొట్టాలు, లెక్కకు అందనన్ని వాల్వులు, పంపులు. వాటిలో ప్రొపేను, బ్యూటేను, హైడ్రోజను పోతుంటాయి. ఎక్కడో ఒక ప్యాకింగ్ అరిగిందంటే గ్యాసు బయటికి వచ్చినట్టే. అక్కడ "స్విచ్చి ముట్టుకోకండి" అంటే పని జరగదు. మోటార్లు తిరగాలి, దీపాలు వెలగాలి. గొట్టంలో ఏ పదార్థం ఎంత పోతోందో కొలిచి చెప్పే అనలైజర్లు రాత్రీ పగలూ పనిచేయాలి. అన్నీ కరెంటు మీద నడిచేవే.

ఈ అనలైజర్లలో పెద్దన్న ప్రాసెస్ గ్యాస్ క్రొమటోగ్రాఫ్. ప్లాంటులో అందరూ జీసీ అంటారు. చూడ్డానికి బూడిదరంగు బీరువా. ఒక అరలో ఎలక్ట్రానిక్స్, ఇంకో అరలో ఓవెన్. గొట్టం నుంచి చిటికెడు గ్యాసు తీసుకుని, ఓవెన్‌లో చుట్టలు చుట్టిన సన్నని కాలమ్ గుండా పంపుతుంది. కలగాపులగంగా ఉన్న పదార్థాలు ఒకదాని వెనక ఒకటిగా విడివడి బయటికొస్తాయి. వాటిని లెక్కపెట్టి, కొన్ని నిమిషాలకోసారి కంట్రోల్ రూముకు కబురు పంపుతుంది.

ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో చేరిన కొత్తలో నాకు దాని లోపలి రసాయనమే గొప్పగా కనిపించేది. బయటి పెట్టె మొద్దు ఇనప్పెట్టెలా అనిపించేది. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్‌లో ఒకసారి దాన్ని పూర్తిగా విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది. ఆ వారం రోజుల్లో నా అభిప్రాయం తలకిందులైంది. ఆ పెట్టెలో పనితనం లోహంలో కన్నా, లోహానికీ లోహానికీ మధ్య లెక్కకట్టి వదిలిన ఖాళీలో ఎక్కువ ఉంది.

ముందు ఆ పెట్టెకు అప్పగించిన పని ఎంత అడ్డదిడ్డమైనదో చూడండి. లోపల రవ్వలు పుట్టించే రిలేలు ఉంటాయి. ఓవెన్‌ను కాచే హీటరు ఉంటుంది. డిటెక్టరులో ఏకంగా హైడ్రోజన్ మంట వెలుగుతూ ఉంటుంది. ఇది చాలనట్టు, మండే గ్యాసును మనమే గొట్టం వేసి పెట్టెలోకి తెస్తాం. మామూలు మోటారుకు గ్యాసు బయటి శత్రువు. అనలైజర్ మాత్రం పాములవాడి బుట్ట లాంటిది, పాము లోపలే ఉంటుంది.

గ్యాసు లోపలికి రాకుండా పెట్టెకు గట్టి సీలు వేస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. కానీ పగలు ఎండకు పెట్టె వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి ఏ సందునైనా వెతుక్కుని బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక అదే దారిన బయటి గాలిని పీల్చుకుంటుంది. విశాఖ సముద్రపుగాలికి పెట్టిన పెట్టెల్లో వర్షం పడకుండానే నీళ్లు చేరేది ఇలాగే. గాలి వచ్చే దారిలో గ్యాసు రాదని ఎవరు పూచీ? అందుకని ఈ విద్యలో ఆరితేరినవాళ్లు సీలును నమ్మడం మానేశారు. గ్యాసు లోపలికి వస్తుంది, రవ్వ పుడుతుంది, పేలుతుంది అని ముందే ఒప్పుకున్నారు. ఆ పేలుడు బయటికి ఏ ముఖంతో రావాలో తాము నిర్ణయించారు.

దీనికి మూలం బొగ్గుగనుల్లో ఉంది. 1815లో హంఫ్రీ డేవీ గని దీపానికి ఇనుప తీగల జాలీ చుట్టాడు. గనిలోని మీథేను జాలీ గుండా లోపలికి వచ్చి దీపం దగ్గర మండినా, ఆ మంట జాలీ దాటి బయటికి రాలేకపోయేది. తీగలు దాని వేడిని తాగేసేవి. మంట బతకాలంటే వేడి కావాలి. ఇరుకు దారిలో చల్లని లోహం రెండు వైపులా తగిలితే ఆ వేడి కాస్తా పోతుంది. ఒక శతాబ్దం తిరిగేసరికి గనుల్లోకి కరెంటు మోటార్లు దిగాయి. జర్మనీలో గెల్సెన్‌కిర్షెన్ దగ్గరి పరీక్షా సొరంగంలో కార్ల్ బైలింగ్ అనే గని ఇంజనీరు ఇదే సూత్రాన్ని ఇనప పెట్టెలకు అన్వయించి, లోపల గ్యాసు నింపి పేల్చి చూశాడు. ఆ ఫలితాలను 1906లో ప్రచురించాడు. పెట్టెకు, మూతకు మధ్య వెడల్పాటి అంచులు ఉండి, వాటి మధ్య సన్నని సందు ఉంటే, లోపలి పేలుడు సెగ ఆ సందులోంచి బయటికి వచ్చేలోపు చల్లారిపోతుంది. ఇదే ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె. కొత్తగూడెం గనుల్లోనూ, జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ మందుల ఫ్యాక్టరీల్లోనూ ఎఫ్‌ఎల్‌పీ అనేది దీన్నే. ఎఫ్‌ఎల్‌పీ లైటు, ఎఫ్‌ఎల్‌పీ మోటారు, ఎఫ్‌ఎల్‌పీ ప్యానెల్ అని రోజుకు వందసార్లు వినబడుతుంది. మంట లోపలికి పోనివ్వని పెట్టె అని చాలామంది అర్థం చెప్పుకుంటారు. అది మంటను బయటికి పోనివ్వని పెట్టె.

ఆ అంచుల మధ్య దారిని ఫ్లేమ్ పాత్ అంటారు. పనితనమంతా అక్కడే ఉంది కాబట్టి కాసేపు అక్కడే నిలబడదాం.

ఒక్కో గ్యాసుకు ఒక్కో కొలత ఉంటుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పున్న అంచుల మధ్య సందు ఎంతవరకు ఉంటే మంట దాటలేదో పరీక్షించి కడతారు. ప్రొపేనుకు అది 0.92 మిల్లీమీటర్లు. ఇథిలీనుకు 0.65. హైడ్రోజనుకు వచ్చేసరికి 0.29కి పడిపోతుంది. ఈ లెక్కల మీదే గ్యాసులను మూడు జట్లు చేశారు. ప్లాంటు భాషలో టూ ఏ, టూ బీ, టూ సీ. మన వంటగ్యాసు టూ ఏ, కాస్త మెత్తని మనిషి. హైడ్రోజన్, ఎసిటిలీన్ టూ సీ. వాటితో పరాచికాలు కుదరవు. పైగా 0.29 పరీక్షశాలలోని హద్దు. అసలు పెట్టె చేసేటప్పుడు అంత దూరం పోనివ్వరు. హైడ్రోజనుకు వాడే చదును అంచుల పెట్టెలో సందు 0.1 మిల్లీమీటరు మించకూడదు, పెట్టె పెద్దదైతే 0.04కి దిగుతుంది. మనిషి వెంట్రుక మందం అటూఇటూగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు. తెలుగులో వెంట్రుకవాసి అన్న మాటను నేను చాలాచోట్ల అలంకారంగా వాడాను. ఇక్కడ అది ఇంజనీరింగ్ కొలత.

ఆ ఇరుకులో జరిగే కథ చాలా చురుకైనది. లోపల పేలుడు జరగ్గానే ఒత్తిడి సుమారు 8 బార్లకు ఎగబాకుతుంది. అడుగు వ్యాసం ఉన్న గుండ్రటి మూత మీద అంటే అయిదు టన్నులకు పైగా బరువు ఒక్కసారి లోపలి నుంచి తన్నినట్టు. బోల్టులు ఆ తన్నును కాయాలి, మూత ఉబ్బకూడదు. ఉబ్బితే సందు పెరుగుతుంది, సందు పెరిగితే కథ ముగిసింది. ఇంత తన్నుకు మండిన గ్యాసు సన్నని పొరలా అంచుల మధ్యకు దూసుకొస్తుంది. రెండు వైపులా లోహం దాని వేడిని లాగేస్తుంది. చివర్లో బయటి చల్లని గ్యాసుతో ఒక్కసారిగా కలిసి, మండేంత వేడి నిలబెట్టుకోలేక చప్పబడిపోతుంది. పక్కన నిలబడ్డవాడికి టప్‌మని చప్పుడు, మహా అయితే సందులోంచి కాస్త పొగ. లోపల సర్క్యూట్లు బూడిదైపోయి ఉండొచ్చు. దాన్ని ఎవరూ కాపాడతామనలేదు. కాపాడాల్సింది బయట నిలబడ్డ మనిషిని, ఆ మనిషి చుట్టూ ఉన్న ప్లాంటును.

ఆ అంచును వేళ్లతో తడిమితే అద్దంలా ఉంటుంది. ఉపరితల గరుకు 6.3 మైక్రాన్లు మించకూడదని నియమం. దాని మీద రంగు వేయకూడదు. రబ్బరు వాషర్ పెట్టి సందు మూసేస్తామంటే ఒప్పుకోరు. వాన నీటిని ఆపే ఓ-రింగు పెట్టినా, ఫ్లేమ్ పాత్‌గా లెక్కకట్టిన వెడల్పులో దానికి చోటు లేదు. గట్టిపడని గ్రీజు పలచగా రాయొచ్చు, అదీ తుప్పు పట్టకుండా. అన్నిటికన్నా నాకు నచ్చిన సూక్ష్మం గీతలది. అంచు వెంబడి పొడుగునా పడ్డ గీత కన్నా, లోపలి నుంచి బయటికి అడ్డంగా పడ్డ గీత ప్రమాదం. అది మంటకు తవ్వి ఇచ్చిన కాలువ. తుప్పు గీకడానికి ఉలి వాడినవాడు ఒక్క విసురులో లక్షల ఖరీదైన పెట్టెను పాత ఇనుము చేస్తాడు.

మర మూతలు ఇంకా అందంగా ఉంటాయి. అక్కడ మంట మర గాడి వెంట చుట్లు చుట్లుగా తిరిగి బయటికి రావాలి. కనీసం అయిదు పూర్తి చుట్లు పట్టి ఉండాలని నియమం. చిన్న జంక్షన్ బాక్సు మూతను తిప్పేటప్పుడు అయిదు లెక్కపెట్టుకునే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఇంట్లో ఆవకాయ జాడీ మూతకు కూడా లెక్కపెడతానని మా ఆవిడ నవ్వుతుంది.

ఇంకో చిత్రం. పెట్టె లోపల ఎంత ఖాళీ ఉంటే అంత ప్రమాదం అనుకుంటాం. నిజానికి లోపలి స్థలాన్ని అడ్డుగోడలతో రెండు మూడు అరలు చేసి, వాటి మధ్య సన్నని కంతలు వదిలితే ఎక్కువ ప్రమాదం. మొదటి అరలో పేలుడు పుట్టగానే మండని గ్యాసును ముందుకు నెట్టి రెండో అరలో కుక్కుతుంది. మంట అక్కడికి చేరేసరికి ఆ అర అప్పటికే ఒత్తిడిలో ఉంటుంది. దాని మీద పేలితే ఒత్తిడి మామూలు కన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే పెట్టె లోపల సర్క్యూట్ బోర్డును ఎక్కడ నిలబెట్టాలన్నది కూడా తయారీదారు ఇష్టం కాదు. పరీక్షలో ఎలా పెట్టాడో అలాగే ఉండాలి. ఎవరో మంచి ఉద్దేశంతో అదనంగా ఒక రేకు బిగించినా సర్టిఫికెట్‌కు విలువ పోతుంది.

పెట్టె బయట ఏముందన్నదీ లెక్కే. అంచుకు ఎదురుగా గోడో గొట్టమో మరీ దగ్గరగా ఉంటే, బయటికొచ్చిన సెగ దానికి తగిలి చల్లబడే వీలు తగ్గుతుంది. ప్రొపేను జట్టుకు 10 మిల్లీమీటర్లు, ఇథిలీను జట్టుకు 30, హైడ్రోజనుకు 40 మిల్లీమీటర్ల ఎడం వదలాలి. బొటనవేలు అడ్డంగా పెట్టి కొలిచేంత దూరాలు. వీటిని ఎవరో కూర్చుని ఊహించలేదు, పేల్చి పేల్చి కనిపెట్టారు.

పరీక్ష తీరు కూడా సూటిగా ఉంటుంది. పెట్టెను పెద్ద గదిలో పెట్టి లోపలా బయటా మండే గ్యాసు నింపుతారు. లోపల రవ్వ పుట్టిస్తారు. బయటి గ్యాసు అంటుకోకూడదు. అయిదుసార్లు అలా చేస్తారు. మన దేశంలో ఇలాంటి పరీక్షలకు ధన్‌బాద్‌లోని గనుల, ఇంధన పరిశోధన సంస్థ పాత చిరునామా. రిఫైనరీలలో వాడాలంటే నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఆమోదం కావాలి. దేశమంతటా ప్లాంటు గేట్లలోకి వెళ్లే ప్రతి ఎఫ్‌ఎల్‌పీ పెట్టె మీద చిన్న రేకు పలక ఉంటుంది, దాని మీద ఈ వంశచరిత్ర అంతా పొడి అక్షరాల్లో చెక్కి ఉంటుంది.

అయితే బీరువా అంత జీసీని మొత్తంగా ఇలా మందపాటి పోత పెట్టెలో పెడితే దాన్ని మోయడానికి క్రేను కావాలి, విప్పడానికి పూట కావాలి. అక్కడ రెండో విద్య అక్కరకొస్తుంది. దాని పేరు పర్జ్. ఇది పూర్తిగా వేరే స్వభావం. ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె మొండి పట్టుదల మనిషైతే, పర్జ్ పెట్టె మర్యాదస్తుడు. పెట్టెలోకి శుభ్రమైన గాలి నిరంతరం పంపుతూ, లోపలి ఒత్తిడి బయటి కన్నా ఒక పిసరు ఎక్కువ ఉంచుతారు. ఏ సందులోంచైనా గాలి బయటికే పోతుంది కానీ గ్యాసు లోపలికి రాలేదు.

ఆ పిసరు ఎంతో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 50 పాస్కల్‌లు. అంటే అయిదు మిల్లీమీటర్ల ఎత్తు నీళ్ల బరువు. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు తలుపు మీద ఆ ఒత్తిడి మొత్తం కలిపి రెండున్నర కిలోల బియ్యం సంచి ఒరిగినంత. కారు టైరులో దీనికి దాదాపు నాలుగు వేల రెట్లు గాలి ఉంటుంది. ఒక పక్క అయిదు టన్నుల తన్ను కాచే పోత ఇనుము, ఇంకో పక్క ఊదినంత గాలి, రెండూ చేసేది ఒకే కాపలా!

గాలి నమ్మకస్తుడే, కానీ కంప్రెసర్ ఆగితే వెళ్లిపోతాడు. కాబట్టి పర్జ్ పెట్టె తెలివంతా అనుమానంలో ఉంది. కరెంటు ఇచ్చే ముందు పెట్టెలో అప్పటికే గ్యాసు చేరి ఉందని లెక్క. పెట్టె పరిమాణానికి అయిదు రెట్ల గాలి పంపి కడగాలి. అమెరికా నియమం నాలుగు రెట్లంటుంది. రెండు వందల లీటర్ల పెట్టెకు నిమిషానికి వంద లీటర్లు పోస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ లోపల ఏ దీపమూ వెలగదు. గాలి ఎంత పోయిందో కొలిచేది లోపలికి వచ్చే ద్వారం దగ్గర కాదు, బయటికి పోయే ద్వారం దగ్గర. ఎందుకంటే లోపలికి పంపిన గాలి మధ్యలో ఎక్కడో చీలిక గుండా జారిపోయి ఉండొచ్చు. చివరి ద్వారం దాటిన గాలి మాత్రం పెట్టెలో తిరిగే వచ్చింది. ఇంటికి పాలు పోసేవాణ్ణి "ఎన్ని లీటర్లు బయల్దేరావు?" అని అడగం కదా. మన గిన్నెలో ఎన్ని పడ్డాయో చూస్తాం.

మూలల్లో గ్యాసు దాక్కోదా? ఆ అనుమానమూ తీర్చుకున్నారు. పర్జ్ పెట్టెను పరీక్షించేటప్పుడు ఒకసారి హీలియం లాంటి తేలిక వాయువుతో, ఇంకోసారి ఆర్గాన్ లాంటి బరువు వాయువుతో నింపుతారు. తేలికది పై మూలల్లో తచ్చాడుతుంది, బరువుది అడుగున పేరుకుంటుంది. రెండూ కడిగినట్టు పోతేనే ఆ గాలి దారి సరిగ్గా కోసినట్టు. నేను విప్పిన పెట్టెలో గాలి వచ్చే గొట్టం ఒక మూల అడుగు నుంచి మొదలై, పోయే ద్వారం ఎదురు మూల పైన ఉంది. మధ్యలో ఒక చిన్న వంపు రేకు. దాన్ని చూసి ఏదో బిగింపు అనుకున్నాను. గాలిని సర్క్యూట్ బోర్డు వెనక్కి మళ్లించడానికి పెట్టిందని తర్వాత అర్థమైంది.

గాలి తగ్గితే డయాఫ్రం ఉన్న చిన్న ప్రెషర్ స్విచ్ కరెంటు కత్తిరిస్తుంది. తలుపు తీసినా అంతే. ఇక్కడ ఒక మెలిక ఉంది. హీటరుకు కరెంటు పోయినంత మాత్రాన అది వెంటనే చల్లబడదు. అందుకని కరెంటు తీశాక ఇన్ని నిమిషాలు ఆగి తలుపు తెరవండి అని పలక మీద రాసి ఉంటుంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకిన మరుక్షణం దాని మీద చెయ్యి పెట్టనట్టే.

కొన్నిచోట్ల గాలికి బదులు నైట్రోజన్ వాడతారు. పెట్టెకు అది మంచిదే. కానీ ఆ పెట్టె ఉన్న మూసిన షెల్టర్‌లోకి తల పెట్టిన మనిషికి మృత్యువు. రంగు లేదు, వాసన లేదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు. అనలైజర్ షెల్టర్ తలుపు దగ్గర ఆక్సిజన్ మీటరు మోగుతుంటే విసుక్కుని లోపలికి నడిచిన మనిషిని ఒకణ్ణి నేను చొక్కా పట్టి వెనక్కి లాగాను. అప్పటి నుంచి అతను నన్ను పండక్కి పిలుస్తాడు.

ఇక మంట సంగతి. జీసీలో ఫ్లేమ్ అయొనైజేషన్ డిటెక్టర్ అనే భాగం ఉంటుంది. 1957, 58 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో మెక్‌విలియం, డ్యువార్ జంట, దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా బృందం ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని తయారుచేశారు. చిన్న హైడ్రోజన్ మంటలో కార్బన్ ఉన్న పదార్థం మండితే అయాన్లు పుడతాయి, వాటి వల్ల పారే అతి చిన్న కరెంటును కొలిస్తే ఎంత పదార్థం ఉందో తెలుస్తుంది. సరే, కానీ నిప్పురవ్వనే భయపడే చోట బహిరంగంగా మంట వెలిగించుకోవడమా!

ఇక్కడ పెట్టె చేసినవాడి నేర్పు చూడాలి. మంట ఉన్న గది చిటికెన వేలంత. దాని ఊపిరి బయటికి పోయే దారిలో సింటర్ చేసిన లోహపు బిళ్ల ఉంటుంది. లోహపు పొడిని నొక్కి కాల్చి చేసిన, స్పాంజిలా కంటికి కనబడని రంధ్రాలున్న బిళ్ల. డేవీ జాలీకి మునిమనవడు. ఆవిరి పోతుంది, మంట పోదు. రెండో కాపలా హైడ్రోజన్ దారిలో ఉంది. మంటకు కావలసింది నిమిషానికి 30, 40 మిల్లీలీటర్లు. అంతకు మించి రాకుండా దారిలోనే సన్నని రెస్ట్రిక్టర్ బిగిస్తారు. లోపల గొట్టం ఊడినా, హైడ్రోజన్ చుక్కలు చుక్కలుగానే కారాలి. నిమిషానికి 50 లీటర్ల పర్జ్ గాలిలో 40 మిల్లీలీటర్ల హైడ్రోజన్ కలిసిందనుకోండి, అది 0.08 శాతం. హైడ్రోజన్ మండటానికి గాలిలో కనీసం 4 శాతం కావాలి. యాభై రెట్లు వెనక ఉంది. మంట ఆరిపోతే హైడ్రోజన్ వాల్వు దానంతటదే మూసుకుంటుంది. ఒకరినొకరు నమ్మని ముగ్గురు కాపలాదారులు. హైడ్రోజన్ మంట కంటికి ఆనదు కాబట్టి, వెలిగిందో లేదో చూడటానికి ల్యాబుల్లో పాతకాపులు చల్లని స్పానరు మెరిసే వైపును వెంటు దగ్గర పెట్టి చూసేవారు. ఆవిరి పట్టిందంటే వెలుగుతున్నట్టే.

నమూనా గ్యాసు గొట్టాల విషయం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. ఎలక్ట్రానిక్స్ అరలోకి ఆ గొట్టాలను రానివ్వరు. ఓవెన్ అరలో ఉన్న కీళ్ల సంఖ్యను వీలైనంత తగ్గిస్తారు. ఒక్కో కీలూ ఒక్కో అనుమానం కాబట్టి.

మూడో విద్య అన్నిటికన్నా వినయమైనది. రవ్వ పుట్టనీ, కానీ దానికి అంటించే సత్తువ లేకుండా చేద్దాం అంటుంది. దీని వెనకా గని విషాదమే ఉంది. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో పేలుడుకు 439 మంది కార్మికులు, వాళ్లను కాపాడబోయిన ఒకతను చనిపోయారు. కారణం తేలలేదు, కానీ సంకేతాలకు వాడే బెల్లు తీగల రవ్వ మీద విచారణలో అనుమానం వచ్చింది. బెల్లు నడిచేది చిన్న బ్యాటరీ మీదే. అది ప్రమాదం కాదని అందరూ నమ్మేవారు. వీలర్, థార్న్‌టన్ అనే శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలు అసలు సంగతి బయటపెట్టాయి. బెల్లు చుట్టలో దాగిన శక్తి, తీగ తెగిన క్షణంలో రవ్వగా బయటికి దూకుతుంది.

ఎంత శక్తి ప్రమాదం? హైడ్రోజన్‌ను అంటించడానికి 0.02 మిల్లీజౌల్ చాలు. ఈ అంకె చెబితే ఎవరికీ ఏమీ తట్టదు. రెండు మిల్లీగ్రాముల ఆవగింజను మీటరు ఎత్తు నుంచి వదలండి. నేలను తాకేటప్పుడు దానిలో ఉన్న శక్తి దాదాపు అంత. తాలింపు గిన్నెలోంచి ఎగిరిపడ్డ ఆవగింజ పాటి రవ్వకు కూడా చోటివ్వకూడదు. ప్రొపేనుకు పది పన్నెండు ఆవగింజలు కావాలి.

దానికి చేసిన ఏర్పాటు వేలెడంత డబ్బా, జెనర్ బ్యారియర్. కంట్రోల్ రూము వైపు ఉంటుంది. లోపల ఒక ఫ్యూజు, జెనర్ డయోడ్లు, ఒక రెసిస్టరు. సాధారణంగా కనిపించే రకంలో 28 వోల్టులు, 300 ఓమ్‌లు. ప్లాంటులో తీగలు తెగి ఒకదానికొకటి తగిలినా 93 మిల్లీయాంపులు దాటదు. కంట్రోల్ రూములో పొరపాటున 230 వోల్టులు ఆ తీగకు తగిలినా, డయోడ్లు దాన్ని భూమిలోకి తోసేసి ఫ్యూజును కాల్చేస్తాయి. పని చేస్తూ చచ్చిపోవడానికే పుట్టిన వస్తువు. ఆ సర్క్యూట్ల కేబుల్ లేత నీలం రంగులో ఉంటుంది. ప్లాంటులో నీలం తీగ కనబడితే మిగతా తీగలతో దాన్ని కలిపి కట్టరాదని కొత్తగా వచ్చిన హెల్పరుకు కూడా తెలుసు, తెలియాలి.

రవ్వ ఒక్కటే కాదు, వేడి ఉపరితలమూ అంటిస్తుంది. చిత్రమేమంటే ఈ రెండు గుణాలకూ పొంతన ఉండదు. ఆవగింజ రవ్వకు అంటుకునే హైడ్రోజన్, వేడి లోహం తగిలితే సుమారు 560 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కార్బన్ డైసల్ఫైడ్ మాత్రం 90 డిగ్రీల పరిసరాల్లోనే, మరిగే నీళ్ల వేడి కన్నా తక్కువలో, రవ్వ లేకుండానే భగ్గుమంటుంది. అందుకే పలక మీద గ్యాసు జట్టుతో పాటు వేడి తరగతి విడిగా రాస్తారు. టీ-4 అంటే పెట్టెలో ఏ ఉపరితలమూ 135 డిగ్రీలు దాటదు, టీ-6 అంటే 85.

ఇంత చేసినా, ఈ పెట్టెకు రెండో తయారీదారు ఒకడున్నాడు. విప్పి మూసే ప్రతి మనిషీ దాన్ని మళ్లీ తయారుచేసినట్టే. నేను చూసిన ఘోరాల్లో చాలావరకు మంచి మనసుతో చేసినవే. వాన నీరు దిగుతోందని ఒకచోట అంచుల మధ్య సిలికాన్ సీలెంట్ పట్టించారు. అది గట్టిపడి మూతను ఎత్తి పట్టుకుంది, సందు పెరిగింది. పైకి మాత్రం ఎంతో పద్ధతిగా కనబడింది. ఇంకోచోట పద్నాలుగు బోల్టుల్లో రెండు మర తినేసి ఉంటే, మిగతా పన్నెండూ గట్టిగా ఉన్నాయి కదా అన్నారు. పేలుడు లెక్క ప్రకారం ఆ రెండు ఖాళీల దగ్గరే మూత ఉబ్బుతుంది. మందుల ఫ్యాక్టరీ ఒకదానిలో సెంట్రిఫ్యూజ్ మీది ఆక్సిజన్ అనలైజర్‌ను చూశాను. టోలుయీన్ ఆవిరికి నిప్పు అంటకుండా నైట్రోజన్ సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పే కాపలాదారది. దాని కేబుల్ గ్లాండు సైజు తప్పి, వదులు పోవడానికి టేపు చుట్టి ఉంది. కాపలాదారే దొంగకు తలుపు తీసిపెట్టినట్టు.

మొదట చెప్పిన షట్‌డౌన్‌లో ఆ పెట్టెను బిగించింది నేను కాదు. మాతో ఒక పెద్ద ఫిట్టరు ఉండేవాడు, అందరూ గురువుగారూ అనేవాళ్లం. మూత పక్కన పెట్టినప్పుడు అంచు నేలకు తగలకుండా కింద చెక్క పరిచేవాడు. నేను ఆత్రంగా ఒక బోల్టును పూర్తిగా బిగించేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అలా కాదు బాబూ. ముందు అన్నీ చేత్తో పట్టించు. తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం. ఒక మూల ముందే బిగిస్తే ఇంకో మూల నవ్వుతుంది."

నూలు గుడ్డతో అంచు తుడిచి, వేలికొసతో గ్రీజు రాసి, దాన్ని మళ్లీ దాదాపు తుడిచేశాడు. బోల్టులు ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించాడు. జేబులోంచి ఫీలర్ గేజ్ తీసి, అన్నిటికన్నా పలచని 0.04 ఆకు విప్పి, మూత చుట్టూ ఆనిస్తూ నడిచాడు. నాలుగు వైపులా ఆకు ఎక్కడా లోపలికి దూరలేదు. కింది అంచు దగ్గర మళ్లీ ఒకసారి, టార్చి పెట్టుకుని, మోకాళ్ల మీద కూచుని చూశాడు. లేచి ఆకును చొక్కాకు తుడుచుకుని మడిచాడు.

"ఇంక గాలి పెట్టండి" అన్నాడు.

పర్జ్ వాల్వు తిప్పాను. సన్నగా ఉస్‌మన్న శబ్దం. పది నిమిషాలు ఎవరమూ మాట్లాడలేదు, గడియారం చూస్తూ నిలబడ్డాం.